సాంగోలా గణపత్‌రావు దేశ్‌ముఖ్: ఒకే నియోజకవర్గం, ఒకే పార్టీ, పదకొండు గెలుపులు

1. సోలాపూర్ పద్మశాలి

దీర్ఘకాలం శాసనసభ్యులుగా ఉన్నవారి మాట వచ్చినప్పుడల్లా మన చర్చలు కరుణానిధితో మొదలై మన రెండు రాష్ట్రాల నాయకుల దగ్గర ఆగిపోతున్నాయి. మా జిల్లాలో అంతకు తక్కువ కాని మనిషి ఒకరు ఉండేవారు. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చి స్థిరపడిన వేలాది పద్మశాలి కుటుంబాలలో మాది ఒకటి కాబట్టి, చిన్నప్పటి నుంచి ఆయన పేరు మరాఠీలోనూ తెలుగులోనూ వింటూ పెరిగాను. సాంగోలా శాసనసభ్యుడు గణపత్‌రావు దేశ్‌ముఖ్‌ను జిల్లా అంతా ఆబాసాహెబ్ అనేవారు.

ఆయన 1926 ఆగస్టు 10న జన్మించారు. న్యాయవాద విద్య చదివి, శేత్కరీ కామ్‌గార్ పక్షంలో చేరారు. రైతులు, కార్మికుల పేరిట శంకర్‌రావ్ మోరే, కేశవ్‌రావ్ జేధే వంటివారు 1947లో స్థాపించిన ఈ పార్టీని మహారాష్ట్రలో పొట్టిగా శేకాప్ అంటారు. కాంగ్రెస్ నుంచి వచ్చినవారే పెట్టిన పార్టీ అయినా మార్క్సిజాన్ని తన సిద్ధాంతంగా ప్రకటించుకుంది, కమ్యూనిస్టు పార్టీలో మాత్రం కలవలేదు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ముందు వరుసలో నిలిచింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడిన తర్వాత జరిగిన మొదటి శాసనసభ ఎన్నికలలో, అంటే 1962లో, దేశ్‌ముఖ్ సాంగోలా నుంచి గెలిచి సభలో అడుగుపెట్టారు. ఆ తర్వాత 1967లో, 1974 ఉప ఎన్నికలో, 1978, 1980, 1985, 1990లలో, మళ్ళీ 1999, 2004, 2009, 2014లలో గెలిచారు. మధ్యలో రెండుసార్లు, 1972లోనూ 1995లోనూ, ఓడిపోయారు. నియోజకవర్గం మారలేదు, పార్టీ మారలేదు. 2012లో శాసనసభ్యుడిగా ఆయన అడుగుపెట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా సభలో అధికార, ప్రతిపక్షాలు కలిసి ఆయనను సన్మానించాయి. 2019లో వయసు రీత్యా పోటీకి దిగలేదు. 2021 జూలై 30న సోలాపూర్‌లో మరణించారు.

నిరాడంబరుడని, ఆర్టీసీ బస్సులో తిరిగేవాడని పత్రికలు ఆయన గురించి చాలానే రాశాయి. అది నిజమే కావచ్చు కాని, కరవు తాలూకా ఒకటి ఒక మనిషిని అర్ధ శతాబ్దం పాటు ఎందుకు పంపుతూ వచ్చిందన్న ప్రశ్నకు బస్సు ప్రయాణం జవాబు కాదు. ఆ ప్రశ్న మీద సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

2. లెక్కల మాస్టారు

మంచి విషయం ఎత్తుకున్నారు. ముందుగా అంకెలను సరిచూసుకుంటే తర్వాతి వాదనకు పునాది గట్టిగా ఉంటుంది.

దేశ్‌ముఖ్‌ను దేశంలోనే అత్యధికసార్లు గెలిచిన శాసనసభ్యుడని చాలాచోట్ల రాస్తుంటారు. గెలుపుల సంఖ్యను బట్టి చూస్తే ఆ మాట నిలవదు. కరుణానిధి 1957లో కుళిత్తలైతో మొదలుపెట్టి 2016లో తిరువారూరు దాకా 13 సార్లు గెలిచారు, పోటీ చేసిన ఏ శాసనసభ ఎన్నికలోనూ ఓడిపోలేదు. కేరళలో కె.ఎం. మాణి 1965 నుంచి 2016 వరకు పాలా నియోజకవర్గంలో 13 సార్లు వరుసగా గెలిచారు. అయితే 1965లో ఎన్నికైన కేరళ శాసనసభ అసలు సమావేశమే కాలేదు కాబట్టి, ఆ గెలుపును లెక్కించాలా వద్దా అన్నది వేరే వాదన. తీసేసినా పన్నెండు మిగులుతాయి. 2009లో దేశ్‌ముఖ్ పదోసారి గెలిచినప్పుడు కరుణానిధితో పోల్చి రాసిన వార్తల నుంచి ఈ రికార్డు కథ వ్యాపించి ఉంటుంది.

సభలో ఉన్న కాలం కూడా కొందరు 55 ఏళ్ళని రాస్తారు. 1962 నుంచి 1972 వరకు పదేళ్ళు, 1974 నుంచి 1995 వరకు సుమారు ఇరవై ఒక్క ఏళ్ళు, 1999 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళు, మొత్తం కలిపితే 51 దాకా వస్తుంది. ఇది తక్కువేమీ కాదు. పైగా కరుణానిధి, మాణి ఇద్దరూ పెద్ద పార్టీలకో, అధికార కూటములకో అధినేతలు. దేశ్‌ముఖ్ ఆ కాలంలో ఎక్కువ భాగం ప్రతిపక్షపు బల్లలపైనే కూర్చున్నారు. నా దృష్టిలో అసలు విశేషం ఇది.

3. అనంత రైతు

పద్మశాలి గారి పరిచయం బాగుంది, మాస్టారి లెక్క ఇంకా బాగుంది. అయినా నాకు ఒక సందేహం ఉంది, దాన్ని మొహమాటం లేకుండానే రాస్తాను.

మాది అనంతపురం జిల్లా. దానిమ్మ తోట ఉంది కాబట్టి సోలాపూర్ వైపు రైతులతో మాట్లాడే అవకాశం వచ్చింది, సాంగోలా పేరు నాకు ఆ తోటల ద్వారానే తెలుసు. 2018-19లో కరవు వచ్చినప్పుడు అక్కడ పశువులకు గడ్డి శిబిరాలు పెట్టారు, ఊళ్ళకు ట్యాంకర్లతో నీళ్ళు తోలారు. ఒక తాలూకాకు 1962 నుంచి ఒకే ప్రతినిధి ఉండి, 2018లో కూడా అక్కడి రైతు ఎద్దులను తోలుకుని శిబిరానికి పోవలసి వచ్చిందంటే, ఆ అర్ధ శతాబ్దపు ప్రాతినిధ్యాన్ని ఏ కొలతతో కొలవాలి? మా జిల్లాలోనూ నిజాయతీపరులైన నాయకులు లేకపోలేదు. నిజాయతీకి దండం పెట్టవచ్చు కాని, చెరువు నిండలేదంటే నిండలేదనే రాయాలి. దీర్ఘకాలం గెలవడాన్నే ఒక గుణంగా చూసే అలవాటు మనకు ఎక్కువ. అదే ప్రాంతానికి ప్రతి పదేళ్ళకూ కొత్త మనిషి వచ్చి ఉంటే, అధికార పక్షంలో ఉండి ఉంటే, నీళ్ళు ముందే వచ్చేవేమో అన్న ప్రశ్న ఎవరైనా అడగాలి కదా.

4. కృష్ణా ఎగువ

అనంత రైతు గారి ప్రశ్న సరైనదే. కాని దానికి జవాబు సాంగోలాలో దొరకదు, కృష్ణా నది లెక్కల్లో దొరుకుతుంది. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి కాస్త విపులంగా రాయడానికి అనుమతించండి.

సాంగోలా పశ్చిమ కనుమల వెనుక వాననీడలో పడిన తాలూకా. భీమా నది మీద ఉజ్జని ఆనకట్ట అదే జిల్లాలో ఉన్నా, దాని నీరు జిల్లాలో ఎక్కువగా చెరకు పండే మళ్ళకే చేరిందని ఎప్పటి నుంచో ఫిర్యాదు ఉంది. సాంగోలా, ఆట్‌పాడీ, మంగళవేఢా, జత్, మాణ్ వంటి తాలూకాలు ఎత్తులో ఉండటం వల్ల అక్కడికి నీరు కాలువలో తనంతట తాను పారదు. కృష్ణా నుంచి పంపులతో ఎత్తిపోయాలి. దానికి ఆనకట్ట కంటే ఎక్కువగా కరెంటు ఖర్చు, రాజకీయ సంకల్పం కావాలి.

బచావత్ ట్రిబ్యునల్ తీర్పు ప్రకారం మహారాష్ట్రకు 560 టీఎంసీలు, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 వచ్చాయన్నది మనకు కంఠతా వచ్చిన విషయమే. ఆ తీర్పు 2000 సంవత్సరం మే తర్వాత పునఃపరిశీలనకు వీలు కల్పించింది. అందువల్ల తన వాటాను ఆలోపు వాడుకోకపోతే కోల్పోతామన్న భయం మహారాష్ట్రకు పట్టుకుంది. 1996లో కృష్ణా లోయ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేయడానికి, టెంభూ వంటి భారీ ఎత్తిపోతలకు ఆ కాలంలోనే శ్రీకారం చుట్టడానికి ఈ భయమే ప్రధాన కారణం. ఎగువన ఏ పథకం పేరు విన్నా మనకు శ్రీశైలం నీటిమట్టం గుర్తుకొచ్చి గుండె దడదడలాడుతుంది. ఆ పథకాల కోసం ఎదురుచూసిన వాళ్ళు కూడా మన అనంతపురం రైతులలాంటి వాళ్ళేనన్న సంగతి సాధారణంగా మన చర్చల్లోకి రాదు.

ఇక్కడే దేశ్‌ముఖ్ పాత్ర వస్తుంది. స్వాతంత్ర్య సమరయోధుడు నాగనాథ్ అణ్ణా నాయక్‌వడీతో కలిసి ఆయన పదమూడు కరవు తాలూకాల నీటి పరిషత్తును నడిపించారు. సాంగలీ జిల్లా ఆట్‌పాడీలో ఏటా జరిగే ఆ సభకు రైతులు వేల సంఖ్యలో వచ్చేవారు. ఆ పరిషత్తు కోర్కె నీళ్ళు కావాలన్న మాటతో ఆగలేదు. వచ్చిన నీటిని భూమి విస్తీర్ణాన్ని బట్టి కాక కుటుంబాల మధ్య సమానంగా పంచాలని, చెరకుకు ఇచ్చేంత నీటిని ఒకే మడికి పోయకూడదని శ్రామిక్ ముక్తి దళ్ నాయకుడు భరత్ పాటణ్‌కర్ వంటి వారితో కలిసి వాదించింది. పశ్చిమ మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీల యజమానులే మంత్రులుగా ఉన్న రోజుల్లో ఈ కోర్కెను శాసనసభలో వినిపించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

టెంభూ సాతారా, సాంగలీ, సోలాపూర్ జిల్లాలకు నీరందించే పథకం. మ్హైసాళ్ ఎత్తిపోతల చివరి అంచులు సాంగోలా, మంగళవేఢా వైపు వస్తాయి. రెండూ దశాబ్దాలు సాగాయి. ఎత్తిపోతల పథకంలో చివరన ఉన్నవాడికి నీళ్ళు చివరనే వస్తాయి, ఆ చివర ఉన్నది సాంగోలా. అధికార పక్షపు శాసనసభ్యుడు ఉంటే ఇది మారేదా అంటే, నా అనుభవం ప్రకారం కాలువ తవ్వకం రెండు మూడేళ్ళు ముందుకు జరిగేదేమో. పక్కనే ఉన్న కరవు తాలూకాలు చాలా కాలం అధికార పక్షం వారినే పంపాయి, అక్కడికీ నీళ్ళు అప్పుడే వచ్చాయి.

5. ఇల్లెందు వాసి

ఈ చర్చ చదువుతుంటే మా సీపీఐ (ఎంఎల్) నాయకుడు గుమ్మడి నర్సయ్య గారు గుర్తుకు రావడం సహజం. 1983, 1985, 1989, 1999, 2004లలో ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన ఆయనకు కూడా సొంత ఆస్తి లేదన్నదే మొదటి పరిచయమైపోయింది. సైకిల్ మీద తిరిగాడు, బస్సులో అసెంబ్లీకి వెళ్ళాడు అని చెప్పుకుని మురిసిపోయే వాళ్ళకు, పోడు భూముల మీద ఆయన సభలో ఏం మాట్లాడారో తెలియదు. నర్సంపేట నుంచి ఐదుసార్లు గెలిచిన ఓంకార్ గారి విషయమూ అంతే. పద్మశాలి గారు ఆ బస్సు సంగతి పక్కన పెట్టడం నాకు నచ్చింది. దేశ్‌ముఖ్ సభ లోపల ఏం చేశారో ఎవరైనా రాస్తే బాగుంటుంది.

6. పాత విలేకరి

ఇల్లెందు వాసి గారి కోర్కె మేరకు నాకు తెలిసినంత రాస్తాను. కొన్నేళ్ళు ముంబయిలో ఒక పత్రికకు పనిచేశాను, నాగపూర్ శీతాకాల సమావేశాలకు కూడా వెళ్ళేవాణ్ణి.

చిన్న పార్టీ సభ్యుడికి శాసనసభలో ఉన్న అసలు ఇబ్బంది సమయం. చర్చకు కేటాయించే నిమిషాలను పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. 1967లో 270 మంది సభలో శేకాప్‌కు 19 మంది ఉండేవారు, 2004 వచ్చేసరికి 288 మందిలో ఇద్దరు మిగిలారు. ఇద్దరు సభ్యుల పార్టీకి బడ్జెట్ చర్చలో దొరికే సమయంలో ఊపిరి పీల్చుకుని కూర్చోవడమే అవుతుంది. అందువల్ల అటువంటి సభ్యుడు నిబంధనల పుస్తకాన్ని ఆశ్రయించక తప్పదు. ప్రశ్నోత్తరాలు, సావధాన తీర్మానం, అర్ధగంట చర్చ, బిల్లు మీద క్లాజు క్లాజుకూ సవరణ, ఇవన్నీ పార్టీ బలంతో సంబంధం లేకుండా ప్రతి సభ్యుడికీ ఉన్న హక్కులు. వీటిని పట్టుకుని మంత్రిని నిలబెట్టగలిగిన వాళ్ళలో దేశ్‌ముఖ్ ఒకరు. ఆయన గొంతు పెంచేవారు కాదు, పోడియం దగ్గరికి వెళ్ళేవారు కాదు. కాగితాలు చూసుకుని లేచి, ఫలానా సంవత్సరంలో ఫలానా మంత్రి ఇదే సభలో ఏమని హామీ ఇచ్చారో చెప్పి కూర్చునేవారు. ఆ హామీ ఇచ్చిన మంత్రి అప్పటికి చనిపోయి కూడా ఉండవచ్చు. దీర్ఘకాలం సభలో ఉండటం వల్ల కలిగే ప్రయోజనం ఇదే, ప్రభుత్వం మరచిపోదలచుకున్నది గుర్తుంచుకునే మనిషి ఒకడు ఎదురుగా ఉంటాడు.

1977-78లో కొంతకాలం ఆయన ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. 1978లో శరద్ పవార్ తొలిసారి ముఖ్యమంత్రి అయినప్పుడు, ఆ ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 1980 ఫిబ్రవరిలో ఆ ప్రభుత్వం రద్దయింది. మళ్ళీ 1999లో విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ మంత్రివర్గంలో చేరారు. 2002లో శేకాప్ ఆ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకున్నప్పుడు బయటికి వచ్చారు. గొడవ మూలం సోలాపూర్ కాదు, రాయగఢ్ జిల్లాలో జాతీయవాద కాంగ్రెస్‌తో వచ్చిన తగాదా. తన తాలూకాకు ఏ సంబంధమూ లేని కారణానికి, పార్టీ చెప్పినందుకు మంత్రి పదవి వదులుకున్నారు. అర్ధ శతాబ్దపు సభ్యత్వంలో మొత్తం మంత్రిగా ఉన్నది ఐదేళ్ళ లోపే.

7. అనంత రైతు

కృష్ణా ఎగువ గారి వివరణకు ధన్యవాదాలు. చివర ఉన్నవాడికి నీళ్ళు చివరనే వస్తాయన్నది మా హంద్రీ–నీవా చివరి ఊళ్ళ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా నా ప్రశ్నలో సగం మిగిలే ఉంది. నీటిని పక్కన పెట్టినా, ఆయన హయాంలో కరవు కూలీకి ఏం ఒరిగింది?

8. పాత విలేకరి

రైతు గారికి ఆసక్తి కలిగించే ముక్క ఒకటి ఉంది. 1970 నుంచి 1973 వరకు మహారాష్ట్రను పీడించిన కరవు వల్లనే ఉపాధి హామీ పథకం రూపుదిద్దుకుంది. విధాన పరిషత్తు (శాసన మండలి) అధ్యక్షుడు వి.ఎస్. పాగే దాని రూపకర్త. రాష్ట్రంలో చట్టం 1977లో ఆమోదం పొంది 1979 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. పని అడిగినవాడికి పని ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని, పట్టణాల్లోని జీతగాళ్ళ మీద వేసిన వృత్తి పన్నుతో పల్లెల్లోని కూలికి డబ్బు సమకూర్చాలని ఆ చట్టం చెప్పింది. సభలోని అన్ని పక్షాలూ దాన్ని సమర్థించాయి. రాష్ట్రంలోని వామపక్షాలు, వాటితో పాటు శేకాప్, ఆ పథకం కింద పనిచేసే కూలీలను కూడగట్టి, రాసిన చట్టం అమలు జరిగేలా చేయడానికి ఏళ్ళ తరబడి పోరాడాయి. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత అదే ఆలోచన జాతీయ చట్టమై, 2006 ఫిబ్రవరి 2న మీ అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది.

విచిత్రమేమంటే ఆ కరవు తీవ్రంగా ఉన్నప్పుడు దేశ్‌ముఖ్ సభలో లేరు. కాంగ్రెస్ 270 స్థానాలలో 222 గెలుచుకున్న 1972 ఎన్నికల్లో ఆయన కూడా ఓడిపోయారు. గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు చనిపోవడంతో 1974లో జరిగిన ఉప ఎన్నికలో తిరిగి వచ్చారు. ఆ రెండేళ్ళూ కరవు పనుల దగ్గర, కూలీల మధ్యనే గడిచాయి. 1999లో మంత్రి అయ్యాక ఉపాధి హామీ శాఖ ఆయన చేతికి వచ్చింది.

9. సోలాపూర్ పద్మశాలి

అందరికీ కృతజ్ఞతలు. కొన్ని స్థానిక విషయాలు చేర్చాలి, లేకపోతే బొమ్మ మరీ నున్నగా తయారవుతుంది.

ఒకటి, కులం. దేశ్‌ముఖ్ ధన్‌గర్ సామాజిక వర్గానికి చెందినవారు, అంటే మన కురుమలకు దగ్గరి గొర్రెల కాపరుల వర్గం. సాంగోలాలో ఆ వర్గం జనాభా గణనీయంగా ఉంది. వామపక్ష అభ్యర్థి సిద్ధాంతంతోనే గెలిచాడని అనుకోవడం అమాయకత్వం. కులమే గెలిపించిందని అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఎందుకంటే అదే జనాభా ఉన్న 1972లోనూ 1995లోనూ ఆయన ఓడిపోయారు. 1995లో అయితే కాంగ్రెస్ అభ్యర్థి శహాజీబాపూ పాటిల్ చేతిలో ఓటమి తేడా రెండు వందల ఓట్లు కూడా లేదు.

రెండు, పొత్తులు. తర్వాతి ఎన్నికలలో పవార్ పార్టీ స్థానిక నాయకులు ఆయన వెంట నిలిచారు, ఆ సాయం లేకుండా 2009, 2014 గెలుపులు అంత తేలికగా వచ్చేవి కావని మా జిల్లాలో చాలామంది అంటారు. చక్కెర రాజకీయాలను సభలో విమర్శించిన మనిషి ఎన్నికల సమయంలో ఆ రాజకీయాల అండతోనే నిలిచారన్న విమర్శకు పూర్తి జవాబు నా దగ్గర లేదు.

మూడు, నూలు మిల్లు. మా పద్మశాలీలకు ఆయన దగ్గరయింది దీనివల్లనే. పశ్చిమ మహారాష్ట్రలో నాయకుడంటే చక్కెర ఫ్యాక్టరీ పెట్టడం ఆచారం. చెరకు లేని తాలూకాలో ఆయన రైతు సహకార నూలు మిల్లును నెలకొల్పారు. రాష్ట్రంలో సహకార నూలు మిల్లులు ఒకదాని వెంట ఒకటి అప్పుల్లో మునిగి మూతపడుతున్న కాలంలో సాంగోలా మిల్లు నడుస్తూ వచ్చింది. నూలు ధర పెరిగితే మగ్గం ఆగిపోయే మా పట్టణంలో నడుస్తున్న మిల్లు విలువ ఏమిటో నేత పనివాడికి వేరే చెప్పనక్కరలేదు. మంత్రుల కొడుకులకు పంచిపెట్టే సొత్తుగా సహకార సంఘాలు మారిపోయిన ప్రాంతంలో ఒక సంస్థను సంస్థగానే ఉంచగలగడం నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని, శాసనసభ ఉపన్యాసాల కంటే పెద్దది.

మా పట్టణపు తెలుగువాడు నర్సయ్య ఆడం గురించి కూడా ఒక మాట. ఆడం మాస్టర్‌గా పేరుపొందిన ఈ సీపీఎం నాయకుడు 1978, 1995, 2004లలో మూడుసార్లు సోలాపూర్ నుంచి గెలిచారు. బీడీలు చుట్టే స్త్రీల కోసం వేల ఇళ్ళ కాలనీ కట్టించడంలో ఆయనది ముఖ్య పాత్ర. పట్టణంలో మగ్గం, బీడీ కార్మికుల మధ్య ఆయన, పల్లెలో కరవు రైతుల మధ్య దేశ్‌ముఖ్, ఇద్దరూ వేర్వేరు ఎర్ర జెండాల కింద ఒకే జిల్లాలో పనిచేశారు. ఆడం ఓడిపోతూ గెలుస్తూ వచ్చారు, దేశ్‌ముఖ్ దాదాపు ప్రతిసారీ గెలిచారు. పట్టణంలో కార్మికుడు ఊరు మారతాడు, మతం పేరిట ఓటు మారుతుంది, పల్లెలో సహకార సంఘం, పాఠశాల, నీటి ఉద్యమం ఓటర్లను ఒకరితో ఒకరిని ముడివేసి ఉంచుతాయి. ఈ తేడాను ఎవరైనా పరిశోధకులు చూస్తే బాగుంటుంది.

10. లెక్కల మాస్టారు

ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటి మిగిలింది. 1962లో శేకాప్‌కు 15 స్థానాలు, 1967లో 19, 1978లో 13, 1990లో 8, 1999లో 5. ఆ తర్వాత 2, 4, 3, చివరికి 2019లో ఒకటి. ఒక మనిషి గెలుపుల వరుస పైకి వెళుతూ ఉంటే, ఆయన పార్టీ స్థానాల వరుస కిందికి దిగుతూ వచ్చింది. సాంగోలా నిలిచింది, రాయగఢ్‌లో కొంత మిగిలింది, మిగతా మహారాష్ట్రలో పార్టీ కరిగిపోయింది. ఉద్ధవ్‌రావ్ పాటిల్, ఎన్.డి. పాటిల్, డి.బి. పాటిల్ వంటి వారు నడిపిన పార్టీ చివరికి రెండు మూడు కోటలకు కుంచించుకుపోవడంలో, ఆ కోటల నాయకులు తమ కోట దాటి బయటికి రాకపోవడం కూడా ఒక కారణం కాదా? నియోజకవర్గాన్ని అంత గట్టిగా పట్టుకున్న మనిషికి, రాష్ట్రమంతా తిరిగి పార్టీని కట్టే తీరిక ఎక్కడిది?

11. పాత విలేకరి

మాస్టారి ప్రశ్న న్యాయమైనదే కాని, కారణాన్ని ఒక మనిషి మీద పెట్టడం సరికాదు. శేకాప్ పునాది మధ్యతరగతి రైతు. 1960ల నుంచి సహకార చక్కెర ఫ్యాక్టరీలు, సహకార బ్యాంకులు, జిల్లా పరిషత్తుల ద్వారా యశ్వంత్‌రావ్ చవాన్ నాయకత్వంలోని కాంగ్రెస్ ఆ రైతునే తన వైపు తిప్పుకుంది. అప్పు కావాలన్నా, చెరకు తూకం వేయించుకోవాలన్నా ఫ్యాక్టరీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళక తప్పని రైతు, ఆయనకు వ్యతిరేకంగా ఎన్నాళ్ళు ఓటు వేస్తాడు? 1980ల తర్వాత శివసేన, బీజేపీ పల్లెలకు విస్తరించి మిగిలిన ప్రతిపక్ష స్థలాన్ని ఆక్రమించుకున్నాయి. చక్కెర పెద్దగా చేరని సాంగోలాలోనూ, చెరకుకు బదులు వరి, ఉప్పు, చేపలు ఉన్న రాయగఢ్ తీరంలోనూ శేకాప్ మిగలడం యాదృచ్ఛికం కాదు.

12. అనంత రైతు

ఈ వివరణ తర్వాత నా అభ్యంతరం కొంత తగ్గింది, మొత్తం పోలేదు. ఆయన తర్వాత ఏమైందో కూడా చెప్పండి. మనవడికే టికెట్ ఇచ్చారని విన్నాను. అది నిజమైతే చివరికి ఈ పార్టీ కూడా వారసత్వం దారే పట్టినట్టు కదా.

13. సోలాపూర్ పద్మశాలి

నిజమే, దాచవలసిన అవసరం లేదు. 2019లో పార్టీ మొదట కుటుంబం బయటి అభ్యర్థి పేరు అనుకుంది. కార్యకర్తలు ఒప్పుకోకపోవడంతో మనవడు అనికేత్ దేశ్‌ముఖ్‌ను నిలబెట్టింది. శివసేన తరఫున పోటీ చేసిన పాత ప్రత్యర్థి శహాజీబాపూ పాటిల్ చేతిలో అనికేత్ 768 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఈ శహాజీబాపూను మీలో కొందరు గుర్తుపడతారు. 2022 జూన్‌లో శివసేన చీలినప్పుడు షిండే వర్గంతో గౌహతి హోటల్‌కు వెళ్ళి, అక్కడి చెట్లను, కొండలను, హోటల్‌ను ఫోన్‌లో ఎవరికో వర్ణించి దేశమంతా నవ్వులపాలైనది ఆయనే. అర్ధ శతాబ్దం పాటు అంతా గౌరవించిన నియోజకవర్గం పేరు ఒక ఫోన్ సంభాషణతో ఊరూరా మోగిపోవడం సాంగోలా వాళ్ళకు మింగుడుపడలేదు.

2024లో మరో మనవడు బాబాసాహెబ్ దేశ్‌ముఖ్ శేకాప్ తరఫున నిలబడ్డారు. ప్రతిపక్ష కూటమిలోని ఉద్ధవ్ సేన కూడా అక్కడ విడిగా అభ్యర్థిని దింపింది. అయినా బాబాసాహెబ్ గెలిచారు. ప్రస్తుతం 288 మంది సభలో శేకాప్‌కు ఉన్నది ఆ ఒక్క స్థానమే.

వారసత్వం గురించి రైతు గారి మాటతో నేను విభేదించను. అయితే కార్యకర్తల కోణం కూడా వినాలి. దేశ్‌ముఖ్ పోటీలో ఉన్నంత కాలం ఇంట్లోవాళ్ళను రాజకీయాల్లోకి తేలేదని, ఆయన పోటీ నుంచి తప్పుకున్నాకే, బయటివాడు అయితే స్థానం చేజారుతుందన్న భయంతో తామే పట్టుబట్టామని వాళ్ళు చెబుతారు. అరవై ఏళ్ళలో రెండో వరుస నాయకత్వం ఎందుకు తయారుకాలేదని అడిగితే మాత్రం వాళ్ళూ మౌనంగా ఉంటారు.

14. ఇల్లెందు వాసి

మా దగ్గర కూడా ఇదే ప్రశ్న. గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు గెలిచినా ఆయన తర్వాత ఇల్లెందులో ఆ పార్టీ మళ్ళీ గెలవలేదు. అక్కడ వారసులను తెచ్చి స్థానం నిలబెట్టుకున్నారు, ఇక్కడ వారసులు లేక స్థానం పోయింది. నాగనాథ్ అణ్ణా, దేశ్‌ముఖ్ ఇద్దరూ లేని ఈ రోజుల్లో ఆ నీటి పరిషత్తు కోరిన సమాన పంపిణీ ఏమైంది? టెంభూ నీళ్ళు వచ్చిన చోట కుటుంబానికింత అని పంచుతున్నారా, లేక అక్కడ కూడా చెరకే వేస్తున్నారా? కృష్ణా ఎగువ గారు చెప్పగలరా?

15. కృష్ణా ఎగువ

ఆట్‌పాడీ తాలూకాలో మూసిన గొట్టాల ద్వారా నీటిని పంచే పద్ధతి కోసం పాటణ్‌కర్ గారి శ్రామిక్ ముక్తి దళ్ పోరాడి ప్రభుత్వాన్ని ఒప్పించింది. కాలువలకు భూమి పోదు, ఆవిరి నష్టం తగ్గుతుంది, చివరి పొలానికి కూడా కొలిచి ఇవ్వవచ్చు. కుటుంబానికింత అన్న సూత్రం మాత్రం అన్నిచోట్లా అమలు కాలేదు. నీళ్ళు చేరిన ఊళ్ళలో దానిమ్మ, ద్రాక్షతో పాటు చెరకు కూడా కనిపిస్తోంది. దానిమ్మకు తేలియా మచ్చ తెగులు సోకినప్పుడు రైతు తోట కొట్టేసి ధర నిలకడగా ఉండే చెరకు వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. ఆబాసాహెబ్ సభలో వాదించింది సరిగ్గా దీన్ని ఆపడానికే. ఆ వాదనను ఇప్పుడు సాంగోలా కొత్త శాసనసభ్యుడు ఎత్తుకుంటారా లేదా అన్నది రాబోయే సమావేశాల ప్రశ్నోత్తరాలు చూస్తే తెలుస్తుంది. నేను వాటిని మరాఠీలో చదువుతుంటాను, అవసరమైనవి ఇక్కడ తెలుగులో పెడతాను.